బొగ్గుపులుసు వాయువు ఎరువు కాదు

కార్బన్ డయాక్సైడ్, అంటే బొగ్గుపులుసు వాయువు, మొక్కకు తిండి. గాలిలో అది పెరుగుతోందంటే పంటకు తిండి పెరుగుతోందన్నమాట. కాబట్టి పొగగొట్టాలను చూసి రైతు భయపడనక్కర్లేదు, సంతోషించాలి. ఈ వాదం ముప్పై ఏళ్లకు పైగా తిరుగుతోంది. అమెరికాలో విద్యుత్ సంస్థలకు బొగ్గు సమకూర్చే వెస్టర్న్ ఫ్యూయల్స్ అసోసియేషన్ 1992లో డబ్బు పెట్టి ఒక వీడియో చిత్రం తీయించి మరీ దీన్ని ప్రచారం చేసింది. 2015లో సీఓటూ కొయలిషన్ అనే సంస్థ పుట్టిందే ఈ మాట చెప్పడానికి. 2025 జులైలో అమెరికా ఇంధన శాఖ వెలువరించిన నివేదిక కూడా మొక్కల పెరుగుదలను ఈ వాయువు వల్ల కలిగే మేలుగా ముందుకు తెచ్చింది. మన దగ్గర దీన్ని నమ్మడానికి ప్రచారం కూడా అక్కర్లేదు. హైస్కూల్లో కిరణజన్య సంయోగక్రియ సమీకరణం చదివిన ఎవరికైనా ఇది సబబుగానే తోస్తుంది.

ఈ వాదానికి ఉన్న బలాన్ని దాచకుండా ముందే చెబుతాను. వరి, గోధుమ, పత్తి, వేరుశనగ, కంది లాంటి మొక్కల ఆకుల్లో రుబిస్కో అనే ఎంజైమ్ ఉంటుంది. గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకోవడం దాని పని. పట్టుకోబోయి తరచూ ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది, అప్పుడు మొక్క చేసిన శ్రమలో కొంత వృథా అవుతుంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఈ వృథా తగ్గుతుంది. ఆకు మీది పత్రరంధ్రాలు కాస్త మూసుకుని నీరు కూడా మిగులుతుంది. గ్రీన్‌హౌస్‌లో టమాటా పండించేవాళ్లు ఈ వాయువును కొని మరీ లోపలికి వదులుతారు. ఉపగ్రహాల నుంచి చూస్తే భూమి ముప్పై ఏళ్ల కిందటి కంటే పచ్చబడింది. ఇందులో ఏదీ అబద్ధం కాదు. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో ఈ వాయువు పది లక్షల పాళ్లకు 280 పాళ్లు. 1958లో మౌనా లోవా పరిశోధన కేంద్రంలో కొలవడం మొదలుపెట్టినప్పుడు దాదాపు 315. 2024 సగటు 424 దాటింది. ఒక్క ఆకును, ఒక్క గంటసేపు చూస్తే, ఈ పెరుగుదల ఆ ఆకుకు మేలే.

నా అభ్యంతరం అంతా ఆ ఒక్క ఆకు నుంచి పొలానికి, పొలం నుంచి కంచానికి ఈ వాదం చేసేవాళ్లు వేసిన గంతు మీద.

1. గదిలో కొలిచి పొలానికి అంటగట్టారు

ఈ వాదానికి అంకెలు ఇచ్చిన తొలి పెద్ద లెక్క 1983 నాటిది. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త బ్రూస్ కింబల్ అప్పటికి అచ్చయిన ప్రయోగాల్లోంచి 430 కొలతలు పోగుచేసి, కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే దిగుబడి సగటున 33 శాతం పెరుగుతుందని చూపించాడు. అప్పటికి చేతిలో ఉన్న ఆధారంతో చేసిన నిజాయితీ గల లెక్క అది. కానీ ఆ ఆధారంలో ఎక్కువ భాగం గ్రీన్‌హౌస్‌ల నుంచి, మూసిన గదుల నుంచి, కుండీల నుంచి వచ్చింది. అక్కడ గాలి వీయదు, పురుగు రాదు, నీళ్లకూ నత్రజనికీ కొదవ ఉండదు. తర్వాతి రోజుల్లో కింబల్ స్వయంగా అరిజోనాలోని మారికోపాలో ఆరుబయట గోధుమ మీద ప్రయోగాలు చేశాడు. ఆయన ముందుకు కదిలాడు, ఆయన పాత అంకెను పట్టుకున్నవాళ్లు కదల్లేదు.

ఆరుబయట కొలత అంటే ఏమిటో ఇలినాయ్ విశ్వవిద్యాలయం పొలాల్లో చూడాలి. అర్బానా-షాంపేన్ పక్కన 80 ఎకరాల్లో, 2001లో, స్టీఫెన్ లాంగ్, ఆయన సహచరులు సోయ్‌ఫేస్ అనే ప్రయోగ క్షేత్రాన్ని మొదలుపెట్టారు. మామూలు సోయా, మొక్కజొన్న చేలు అవి. చేను మధ్యలో అక్కడక్కడ 20 మీటర్ల అడ్డుకొలతతో ఎనిమిది పలకల వలయాలు, వాటి చుట్టూ సన్న రంధ్రాల గొట్టాలు. గాలి ఏ దిక్కు నుంచి వీస్తే ఆ వైపు గొట్టాల్లోంచి మాత్రమే వాయువు వదులుతారు, అది పైరు మీదుగా కొట్టుకుపోతుంది. గాలి వేగం మారినప్పుడల్లా కంప్యూటర్ విడుదలను సర్దుతుంది. గోడల్లేవు, కప్పు లేదు. వాన అదే వాన, ఎండ అదే ఎండ, పురుగు అదే పురుగు. మారింది గాలి కూర్పు ఒక్కటే. ఎలిజబెత్ ఐన్స్‌వర్త్ తన పీహెచ్‌డీ ఇలినాయ్‌లోనే చేసి, రెండు దశాబ్దాలకు పైగా ఇలాంటి వలయాల మధ్యే పనిచేసింది. ఒక్క ప్రశ్ననే, పంట తరవాత పంటగా, ఆమె అడుగుతూ వచ్చింది: ఈ గాలిలో ఈ పంట నిజంగా ఎంత పండుతుంది?

లాంగ్, ఐన్స్‌వర్త్, సహచరులు 2006లో సైన్స్ పత్రికలో జవాబు అచ్చేశారు. కార్బన్ డయాక్సైడ్ 550కి చేరితే, గదుల లెక్క ప్రకారం గోధుమ 31 శాతం, సోయా 32 శాతం పెరగాలి. ఆరుబయట పెరిగింది గోధుమ 13, సోయా 14, వరి 12 శాతం. ఆశించినదాంట్లో సగానికీ తక్కువ. దీని మీద 2007లో ఎదురు వాదన వచ్చింది. పంట నమూనాలు వాడే శాస్త్రవేత్తలు కొందరు, తమ లెక్కలకూ పొలం లెక్కలకూ అంత ఎడం లేదన్నారు. ఆ తగువు నమూనాల మీద, పొలంలో కొలిచిన అంకెల మీద కాదు. లాంగ్, ఐన్స్‌వర్త్ 2020లో ముప్పై ఏళ్ల ఆరుబయట ప్రయోగాలన్నీ కలిపి చూసినప్పుడు, ఏ ఎద్దడీ లేని చేలల్లో పెరుగుదల సగటున 18 శాతం దగ్గర తేలింది. నత్రజని చాలకపోయినా, నీరు చాలకపోయినా, వేడి పెరిగినా అది కరిగిపోతూ వచ్చింది.

కారణం మొక్క లోపలే ఉంది. చక్కెర అవసరాన్ని మించి తయారవుతుంటే, దాన్ని గింజలోకో వేరులోకో పంపే దారి లేకపోతే, మొక్క రుబిస్కోను తగ్గించుకుంటుంది. రుబిస్కో కట్టాలంటే నత్రజని కావాలి, ఆ నత్రజనిని మొక్క వేరే పనికి మళ్లిస్తుంది. పప్పుజాతి మొక్కలు నత్రజనిని వేర్ల బుడిపెల్లో తామే సంపాదించుకుంటాయి కాబట్టి వాటికి కొంత వెసులుబాటు ఉంది. ఇది ఒప్పుకోవాల్సిందే. కానీ యూరియా బస్తా కోసం సొసైటీ ముందు తెల్లవారుజామునే చెప్పులు వరసలో పెట్టే వరి రైతుకు ఆ వెసులుబాటు లేదు. గ్రీన్‌హౌస్ టమాటా ఉదాహరణకు కూడా ఇదే సమాధానం. అక్కడ నీళ్లు, ఎరువు, ఉష్ణోగ్రత అన్నీ అదుపులో పెట్టాక, ఇక చాలనిది వాయువు ఒక్కటే అయ్యాక, వాయువు వదిలితే ఫలితం ఉంటుంది. మెట్ట చేలో చాలనివి ముందు వేరే ఉన్నాయి. వాయువు ఆ వరసలో చివరిది.

2. మన మెట్ట పంటల్లో చాలావాటికి ఇందులో వాటా లేదు

మొక్కజొన్న, జొన్న, సజ్జ, రాగి, కొర్ర, చెరకు. వీటి ఆకులు కార్బన్ డయాక్సైడ్‌ను రుబిస్కో చుట్టూ ముందే పోగుచేసుకునే ఏర్పాటుతో పుట్టాయి. బయటి గాలిలో అది పెరిగినా వీటికి ఒరిగేది దాదాపు ఏమీ లేదు. ఆండ్రూ లీకీ సోయ్‌ఫేస్‌లో మొక్కజొన్న మీద కొలిచి 2006లో చెప్పింది ఇదే: నీరు చాలినంత ఉన్నప్పుడు దిగుబడి పెరగలేదు. బెట్ట వచ్చినప్పుడు మాత్రం నీటి ఆదా వల్ల కొంత ఊరట. మరోవైపు, 2017లో అచ్చయిన ఒక అంతర్జాతీయ సమీక్ష ప్రకారం భూమి సగటు ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే మొక్కజొన్న దిగుబడి ప్రపంచ సగటున 7.4 శాతం పడిపోతుంది. వాయువు వల్ల జమ సున్నా, వేడి వల్ల ఖర్చు 7.4. పంటలకు మేలు అని గంపగుత్తగా చెప్పే ప్రతి వాక్యమూ పాలమూరు జొన్న రైతును, ఉత్తరాంధ్ర రాగి రైతును లెక్కలోంచి తీసేసిన వాక్యమే.

3. నీరు మిగులుతుందన్న మాట

ఈ వాదంలో నాకు అన్నిటికంటే గట్టిగా కనిపించేది ఇదే. రంధ్రాలు సగం మూసుకున్న ఆకు తక్కువ నీరు ఆవిరి చేస్తుంది. అప్పుడు బెట్ట కాలంలోనే కదా ఎక్కువ మేలు జరగాలి? పాఠ్యపుస్తకాలు దశాబ్దాలు అలాగే చెప్పాయి.

సోయ్‌ఫేస్‌లో ఎనిమిది సీజన్లు సోయా మీద కొలిచారు. 2016లో నేచర్ ప్లాంట్స్‌లో వచ్చిన ఫలితం దీన్ని తలకిందులు చేసింది. వానలు బాగా పడ్డ ఏడాది దిగుబడి పెరిగింది. బెట్ట ముదిరేకొద్దీ ఆ పెరుగుదల తగ్గుతూ వచ్చి, గట్టి బెట్టలో సున్నా అయింది. ఎందుకంటే అధిక వాయువులో పైరు ఏపుగా పెరిగి ఆకులు ఎక్కువ వేస్తుంది. ఒక్కో ఆకు తక్కువ తాగినా ఆకులన్నీ కలిసి తాగేది తగ్గదు, వేడి బెట్టలో పెరుగుతుంది కూడా. పైగా ఆవిరి తగ్గిన ఆకు చల్లబడదు. ఆకు వేడెక్కుతుంది. మేలు ఎప్పుడు కావాలో అప్పుడు రాదు, అక్కర్లేనప్పుడు వస్తుంది. నైరుతి మొహం చాటేసిన ఏడాది అనంతపురంలో వేరుశనగ వేసిన రైతుకు దీని అర్థం విడమరిచి చెప్పనక్కర్లేదు.

4. ఆ వాయువు ఒంటరిగా రాదు

మొత్తం వాదంలో అసలు లొసుగు ఇక్కడుంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగి, మిగతావన్నీ ఎప్పటిలాగే ఉంటే, అని వాదం మొదలవుతుంది. మిగతావి ఎప్పటిలాగే ఎలా ఉంటాయి? వేడిని పట్టి ఉంచేది ఆ వాయువే. కారణాన్ని ఒప్పుకుని పర్యవసానాన్ని పక్కన పెట్టి వేసిన లెక్క లెక్కే కాదు.

వేడి పంటను ఎక్కడ కొడుతుందో వరి వెన్నులో దగ్గరగా చూడండి. వరి పువ్వు విచ్చుకునేది ఉదయం పూట, ఎక్కువగా పది నుంచి పన్నెండు లోపు. పొట్టు రెండు చీలికలుగా తెరుచుకుంటుంది, పుప్పొడి తిత్తులు బయటికి వచ్చి పగులుతాయి, పుప్పొడి కీలాగ్రం మీద రాలుతుంది, గంటా రెండు గంటల్లో పొట్టు మళ్లీ మూసుకుంటుంది. ఒక్కో గింజకు దొరికేది ఈ ఒక్క అవకాశమే. ఆ సమయంలో వేడి 35 డిగ్రీలు దాటితే తిత్తులు సరిగా పగలవు, రాలిన పుప్పొడి మొలకెత్తదు. వెన్ను పైకి పచ్చగా, నిండుగానే ఉంటుంది. కోసి తూర్పారపడితే తాలు. ఆకు ఎంత చక్కెర చేసినా దాన్ని నింపుకోవడానికి గింజ ఏర్పడలేదు.

రాత్రి వేడి సంగతి ఇంకా ఘోరం. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన సొంత పొలాల్లో పన్నెండు ఏళ్ల దిగుబడులను పరిశీలించి 2004లో చెప్పింది: సాగుకాలపు కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే వరి దిగుబడి 10 శాతం తగ్గింది. ఆ పొలాల మీద గాలిలోనూ అప్పటికి కార్బన్ డయాక్సైడ్ పెరుగుతూనే ఉందని గుర్తుంచుకోవాలి.

తెలంగాణలో యాసంగి వడ్ల కథ అందరికీ తెలిసిందే. ఎండలు ముదిరాక గింజ పాలుపోసుకుని గట్టిపడితే గింజలో పగుళ్లు పడతాయి, మరపడితే నూక ఎక్కువ. అందుకే వాటిని ఉప్పుడు బియ్యం చేస్తారు. 2021-22లో ఆ ఉప్పుడు బియ్యం కొనుగోలు మీద కేంద్రానికీ రాష్ట్రానికీ మధ్య ఎంత రభస జరిగిందో చూశాం. కళ్లాల్లో వడ్లు రోజుల తరబడి పడి ఉన్నాయి. అది దిగుబడి తగ్గి వచ్చిన సమస్య కాదు, గింజ నాణ్యత వల్ల వచ్చింది. చైనాలో జియాంగ్‌డు దగ్గర ఆరుబయట చేసిన వరి ప్రయోగాల్లో కార్బన్ డయాక్సైడ్ పెంచినప్పుడు కూడా గింజ కడుపులో సున్నపు మచ్చ పెరిగింది, మరపట్టాక నిలిచే నిండు గింజ తగ్గింది. వేడీ ఆ వాయువూ రెండూ గింజను ఒకే వైపుకు తోస్తున్నాయి.

కేంద్ర వ్యవసాయ శాఖ పార్లమెంటుకు చెప్పిన అంచనా ఏమిటంటే, తట్టుకునే చర్యలు తీసుకోకపోతే వర్షాధార వరి 2050 నాటికి 20 శాతం, 2080 నాటికి 47 శాతం తగ్గుతుంది. పంటలకు పండగే అన్నవాళ్లు ఈ అంకె పక్కన తమ అంకె పెట్టి మాట్లాడాలి.

5. బస్తా బరువు వేరు, అన్నంలో సత్తువ వేరు

దిగుబడి కొంత పెరిగిందనే అనుకుందాం. ఆ పెరిగినది ఏమిటి? పిండిపదార్థం.

శామ్యూల్ మైయర్స్, సహచరులు 2014లో నేచర్‌లో అచ్చేసిన పరిశోధన జపాన్, ఆస్ట్రేలియా, అమెరికాల్లోని ఆరుబయట వలయాల్లో పండించిన 41 రకాల పంట గింజలను పరీక్షించింది. గాలిలో ఈ వాయువు 546 నుంచి 586 దాకా ఉంచితే, గోధుమలో జింకు 9.3 శాతం, ఇనుము 5.1 శాతం, ప్రోటీన్ 6.3 శాతం తగ్గాయి. వరిలో ప్రోటీన్ 7.8 శాతం తగ్గింది. 2018లో చైనా, జపాన్ పొలాల్లో 18 వరి రకాలతో చేసిన మరో అధ్యయనంలో ప్రోటీన్ సగటున 10.3, ఇనుము 8, జింకు 5.1 శాతం తగ్గాయి. విటమిన్లు కొలిచిన రకాల్లో బీ1 17.1 శాతం, ఫోలేట్ 30.3 శాతం తగ్గాయి. విటమిన్ ఈ మాత్రం పెరిగింది. ఈ పరిశోధనలో పాలుపంచుకున్న లూయిస్ జిస్కా అమెరికా వ్యవసాయ శాఖలో రెండు దశాబ్దాలకు పైగా పనిచేసినవాడు. ఈ ఫలితాలను జనంలోకి వెళ్లకుండా ఆపాలని శాఖ చూసిందని 2019లో పత్రికలకు చెప్పి ఉద్యోగం వదిలేశాడు.

దీనికి వాళ్లు ఇచ్చే జవాబు నాకు తెలుసు. అయిదు, పది శాతమే కదా, కాస్త మాంసం, పప్పు, గుడ్డు ఎక్కువ తింటే సరిపోతుంది అంటారు. ఎవరు తినాలి? రోజులో మూడు పూటలా కంచంలో అన్నమే ఎక్కువగా ఉన్న మనిషికి ఆ అన్నమే ప్రోటీన్, అదే జింకు, అదే బీ విటమిన్. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇప్పటికే ఇనుము చాలని ఒంట్లోకి వెళ్లే బియ్యంలోంచి ఇంకొంత ఇనుము తీసేయడాన్ని ఏ నోటితో మేలు అంటారు? మైయర్స్ బృందం 2018లో వేసిన అంచనా ప్రకారం, ఈ ఒక్క కారణంగా భారతదేశంలో కొత్తగా జింకు లోపం బారిన పడేవాళ్లు 5 కోట్లు, ప్రోటీన్ లోపం బారిన పడేవాళ్లు 3.8 కోట్లు.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ జింకు ఎక్కువుండే డీఆర్ఆర్ ధాన్ 45 రకాన్ని 2016లో తెచ్చింది. అలాంటి ఒక్క రకం కోసం శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి జన్యువుల మీద పనిచేస్తారు. వాళ్లు గింజలోకి ఎక్కించినదాంట్లో కొంత గాలి వెనక్కి లాగేస్తుంటే, దాన్ని వరమని చెప్పడం వాళ్ల శ్రమను, తినేవాళ్ల ఆకలిని రెంటినీ కించపరచడమే.

6. పురుగు కూడా తింటుంది

ఈ సంగతి ఆ వాదంలో ఎక్కడా కనిపించదు. సోయ్‌ఫేస్ వలయాల్లో పెంకు పురుగులు అధిక కార్బన్ డయాక్సైడ్ ఉన్న సోయా ఆకులను ఎక్కువగా నమిలాయి. 2005లో కొలిస్తే ఆకుకు జరిగిన నష్టం 57 శాతం ఎక్కువ. ఆకులో చక్కెర పెరిగి పురుగును రప్పిస్తుంది. అంతకన్నా ముఖ్యం, పురుగు కొరికినప్పుడు దాని జీర్ణశక్తిని దెబ్బతీసే పదార్థాలను సోయా తయారుచేస్తుంది. ఆ రక్షణ ఈ గాలిలో బలహీనపడిందని 2008లో తేలింది. మన దగ్గర హైదరాబాద్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, అంటే క్రిడా, పైకప్పు లేని గదుల్లో పెంచిన ఆముదం, వేరుశనగ ఆకులను పొగాకు లద్దె పురుగుకు వేసి చూసింది. ఆకులో ప్రోటీన్ పలచబడటంతో ఆ కొరత తీర్చుకోవడానికి పురుగు ఎక్కువ ఆకు తిన్నది, పురుగు దశ కూడా పొడుగైంది. మందు డబ్బాల ఖర్చు ఈ లెక్కలో ఎవరూ రాయలేదు.

కలుపు విషయంలో న్యాయంగా మాట్లాడాలంటే రెండు వైపులా చెప్పాలి. వరిలో ఊద లాంటి కలుపు ఈ వాయువు వల్ల పెద్దగా బాగుపడదు, అక్కడ వరికి కొంత మొగ్గు. కానీ జొన్న, మొక్కజొన్న చేలల్లో అది తిరగబడుతుంది. పైరు బాగుపడదు, వయ్యారిభామ బాగుపడుతుంది.

7. పచ్చదనం పంట కాదు

ఉపగ్రహాలు చూసిన పచ్చదనం నిజం. 2016లో అచ్చయిన అధ్యయనం దాంట్లో పెద్ద భాగాన్ని ఈ వాయువుకే ఆపాదించింది కూడా. అయితే 2019లో వచ్చిన మరో అధ్యయనం ఆ పచ్చదనంలో చైనా, భారత్ ముందున్నాయని, భారత్‌లో పెరిగినదాంట్లో 82 శాతం సాగు భూముల్లోదని చూపించింది. సాగు భూమి పచ్చబడింది ఒక కారు పండే చోట రెండు కార్లు పండించడం వల్ల, ఎరువుల వల్ల, బోర్ల వల్ల. భూగర్భ జలం తోడి తెచ్చుకున్న పచ్చదనాన్ని పొగగొట్టం ఖాతాలో వేయడం కుదరదు. ఉపగ్రహం చూసేది ఆకును. గింజ నిండిందో తాలుపోయిందో దానికి కనిపించదు.

కోట్ల ఏళ్ల కిందట గాలిలో ఈ వాయువు ఎన్నో రెట్లు ఉండేది, మొక్కలు బతకలేదా అనే ప్రశ్న కూడా వింటాం. బతికాయి. వరి, గోధుమ, మొక్కజొన్న వాటిలో లేవు. మనిషి పంటలుగా మలుచుకున్న మొక్కలన్నీ గత పదీ పన్నెండు వేల ఏళ్లలో, 260 నుంచి 280 మధ్య గాలిలో, ఒక స్థిరమైన వాతావరణంలో ఎంపికైనవి.

8. కొత్త రకాలు వస్తాయి కదా?

రావచ్చు. దీన్ని నేను కొట్టిపారేయను. జపాన్ సుకుబాలో ఆరుబయట ఎనిమిది వరి రకాలను పోల్చితే, అధిక వాయువుకు దిగుబడి స్పందన 3 శాతం నుంచి 36 శాతం దాకా ఉంది. తకనారి అనే రకం ముందుంది. అంటే ఎంపిక చేసుకోవడానికి తేడా ఉంది. కానీ దీనితో ఆ వాదం తనకు తానే గొయ్యి తవ్వుకుంటుంది. మేలు దానంతట అదే గాలిలోంచి రాలిపడుతుందని కదా వాళ్లు చెప్పింది? పదిహేనేళ్ల ప్రజనన కార్యక్రమం, పొలాల్లో వలయాలు, ప్రభుత్వ నిధులు ఉంటేనే వచ్చే మేలు గాలి ఇచ్చింది కాదు, శాస్త్రవేత్త ఇచ్చింది. ఆ పరిశోధనలకు డబ్బు ఆపేయాలనే వాళ్లూ, గాలి మేలు చేస్తుందనే వాళ్లూ చాలాసార్లు ఒకే వేదిక మీద కనిపించడం నన్ను కోపంతో రగిలిస్తుంది.

నేను అడిగేది ఇదీ. పంటల భవిష్యత్తు మీద ప్రభుత్వాలు వేసే ఏ అంచనాలోనూ గదుల్లో కొలిచిన పెరుగుదలను జమ కట్టకూడదు. దక్కన్ ఎర్రనేలల్లో, నల్లరేగడిలో, కంది, జొన్న, పత్తి, వేరుశనగ మీద, వేడినీ వాయువునూ కలిపి పెంచే ఆరుబయట ప్రయోగాలు కావాలి. మనకు దొరికే ఆరుబయట అంకెలు ఎక్కువగా ఇలినాయ్ నల్లమట్టివి, జపాన్, చైనా వరి మళ్లవి. అక్కడి వేసవి మన వేసవి కాదు. కొత్త వరి రకాన్ని విడుదల చేసే ముందు దిగుబడితో పాటు పూత సమయపు వేడిని అది ఎలా తట్టుకుందో, 550 దగ్గర దాని గింజలో జింకు ఎంత నిలిచిందో కూడా అడగాలి.

గాలిని మార్చి పంట పెంచాలన్న ఆరాటం ఈ వాదం చేసేవాళ్లకు నిజంగానే ఉంటే, దానికి దారి కూడా సోయ్‌ఫేస్‌లోనే ఉంది. అక్కడ కొన్ని వలయాల్లో కార్బన్ డయాక్సైడ్ బదులు ఓజోన్‌ను పెంచారు. ఐన్స్‌వర్త్ పరిశోధనలో పెద్ద భాగం దీని మీదే. నేలమట్టపు ఓజోన్‌ను సుమారు 23 శాతం పెంచితే సోయా గింజ దిగుబడి సుమారు 20 శాతం పడిపోయింది. ఆకులోకి వెళ్లిన ఓజోన్ కణాలను కాల్చేస్తుంది, ఆకు ముందే ముదిరి రాలిపోతుంది. 2014లో భారతీయ శాస్త్రవేత్తలు అచ్చేసిన లెక్క ప్రకారం ఈ శతాబ్దపు తొలి దశకంలో మన దేశం ఓజోన్ వల్ల ఏటా 35 లక్షల టన్నుల గోధుమ, 21 లక్షల టన్నుల వరి కోల్పోయింది. నష్టం ఎక్కువగా మధ్య, ఉత్తర భారతంలో. పేదరికంలో ఉన్న 9.4 కోట్ల మందికి సరిపోయే తిండి అది. ఆ ఓజోన్ పుట్టేది బొగ్గు విద్యుత్ కేంద్రాల, వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లకు ఎండ తగిలి. కార్బన్ డయాక్సైడ్ శతాబ్దాలు నిలిచిపోతుంది, ఓజోన్ వారాల్లో విరిగిపోతుంది. ఇవాళ పొగను అదుపు చేస్తే వచ్చే సీజన్ పైరుకే ఫలితం కనిపిస్తుంది. పొగగొట్టాల్లోంచి వచ్చేది పంటకు తిండి అన్నవాళ్లు, అదే పొగ తినేస్తున్న ఈ 56 లక్షల టన్నులకు ముందు జవాబు చెప్పాలి.